పాత రేకులు దించుతున్నారా? దుమ్ము లేపకండి

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో కొట్టాలకు, వసారాలకు వేసిన పాత సిమెంటు రేకుల్లో సాధారణంగా 10 శాతం దాకా రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. ఒకప్పుడు పులివెందుల ప్రాంత గనుల్లో తవ్వినది ఈ నారే. రేకు చెక్కుచెదరకుండా ఉంటే భయం లేదు, కదిలించకండి. పగిలితే లేచే నార ఊపిరితిత్తుల్లో చేరి, 20–40 ఏళ్లకు క్యాన్సర్ తేవచ్చు.

దించక తప్పకపోతే:

● రేకుపై కాలు పెట్టొద్దు, విరిగి కిందపడతారు. నిచ్చెన మీది నుంచే నీళ్లతో తడపాలి.

● బోల్టులు విప్పి నిండు రేకునే దించాలి. సుత్తి, రంపం వాడరాదు.

● మూతికి తువ్వాలు చాలదు. సన్న దుమ్మును ఆపే మాస్కు కావాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

● ముక్కలు ఊడవరాదు. తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. బండిబాటకు, గట్లకు పరచరాదు. ఎక్కడ పూడ్చాలో పంచాయతీ కార్యదర్శిని అడగండి.

గోడలకు బలముంటే రేకుల బదులు బేతంచెర్ల నాపబండలు వేసుకోవచ్చు.