చందాదారులకు వార్తాలేఖ పంపుటకు ముందు

పూర్వం అచ్చుకూటంలో పుస్తకం సిద్ధమవుతున్నప్పుడు గేలీ ప్రూఫు తీసి, దిద్ది, మరల తీసి చూచేవారు. అప్పటికీ మిగిలిపోయిన దోషాలకు పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఒకటి చేర్చేవారు. వ్యాపార సంస్థలు నేడు ఈ-మెయిలు ద్వారా తమ చందాదారులకు పంపే వార్తాలేఖలకు అట్టి పట్టిక లేదు. మీట నొక్కిన మరుక్షణం లేఖ చేయి దాటిపోతుంది. దిద్దుబాటుగా రెండవ లేఖ పంపినా, మొదటిది చదివినవారందరూ దానిని తెరుస్తారన్న నమ్మకం లేదు. మన విద్యార్థులలో పలువురు రేపు చిలకలూరిపేట చుట్టుపట్ల నూలుమిల్లులలో, పత్తి, మిర్చి వ్యాపార సంస్థలలో చేరి ఇట్టి లేఖలు తయారు చేయవలసినవారే. కావున ఈ పరీక్షావిధానాన్ని గురించి కొంత ముచ్చటించదలచాము.

ముందుగా ఒక యథార్థ సంఘటన. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోనులను గడగడలాడించింది. 'జ్ఞా' అనే సంయుక్తాక్షరం నడుమ, అక్షరాల కలయికను నియంత్రించే అదృశ్య సంకేతం ఒకటి ఇమిడి ఉన్నప్పుడు, ఐఓఎస్ 11.2.5 గల ఫోనులో దానిని చూపబోయిన యాప్ కుప్పకూలేది. మరల తెరిచినా తరచు అదే గతి. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దోషాన్ని సవరించింది. జ్ఞానానికి మొదటి అక్షరమే ఇంత పని చేయటం విచిత్రమే! తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ ప్రమాణంలో చేరినది. అయినా ఇరువది ఏడేండ్ల తరువాత ఇది సంభవించింది. దీనినిబట్టి మేము గ్రహించినదేమనగా, పంపేవాని తెరపై లేఖ చక్కగా కనబడటం ఏమంత సాక్ష్యం కాదు. చదువరి ఫోనులో, చదువరి లిపిలో దానిని చూడవలెను.

ఈ ఉద్దేశంతోనే మేము తెలుగు, ఉర్దూ భాషలలో ఒక నమూనా లేఖ వ్రాసి, మాలో మేమే రకరకాల ఫోనులకు పంపుకొని చూచాము. తెలుగు భాగం కుదురుగానే ఉన్నది. ఉర్దూ భాగం ఒక ఫోనులో నస్తాలీఖ్ లిపిలో అందంగా కనబడగా, మరొకదానిలో నస్ఖ్ లిపికి మారిపోయింది. అది సహించదగినదే. అసలు చిక్కు అంకెల వద్ద వచ్చింది. కుడినుండి ఎడమకు సాగే వాక్యంలో '7000 - 7500' అని వ్రాసిన ధర కంటికి '7500 - 7000'గా కనబడింది. గీత తీసివేసి '7000 సే 7500 తక్' అని మాటలతో వ్రాసిన తరువాత గాని సందిగ్ధం తొలగలేదు.

పేర్ల సంగతి మరింత వినోదకరం. సంబోధనలో చదువరి పేరును యంత్రమే పూరిస్తుంది. పేరులోని మొదటి మాటే వ్యక్తి నామమని పాశ్చాత్యుల లెక్క. మన గుంటూరు సీమలో ముస్లిములలో అనేకుల పేర్లకు 'షేక్' ముందుంటుంది. హిందువుల పేర్లకు ఇంటిపేరో, దాని పొడి అక్షరమో ముందుంటుంది. తత్ఫలితంగా పదిమందికి 'షేక్ గారికి' అనీ, మరి పదిమందికి 'కె. గారికి' అనీ లేఖలు పోతాయి. పరీక్షించేవారు తమ పేర్లతోనే గాక, ఇటువంటి పేర్లన్నిటితోను, పేరే లేని ఖాళీ గడితోను కూడ పంపి చూడవలెను.

ఇక విషయదోషాలు. దూది ధరను 356 కిలోల క్యాండీకి చెబుతారు. బేలు 170 కిలోలు. గింజ తీయని పత్తికి క్వింటాలు లెక్క. క్యాండీ అని ఉండవలసిన చోట క్వింటాలు పడితే ధర మూడున్నర రెట్లకు పైగా పెరిగినట్లు అర్థమిస్తుంది. రెండూ సక్రమమైన మాటలే గనుక అక్షరదోషాలు వెదికే యంత్రం దీనిని పట్టజాలదు. జిన్నింగు మిల్లులో పనిచేసిన మనిషి ఒక్క చూపులో పట్టగలడు. అట్లే మిర్చి యార్డు వేసవి సెలవుల తేదీ తప్పు పడినదనుకొందాము. లారీ మాట్లాడుకొని టిక్కీలు గుంటూరుకు తోలుకొనిపోయిన రైతుకు కిరాయి నష్టం, ఎండలో పడిగాపులు. లేఖ వ్రాసినవాడు మాత్రం చల్లగా కార్యాలయంలోనే ఉంటాడు! పరీక్షించే నలుగురైదుగురిలో ఒకరైనా ఆ వ్యాపారం ఎరిగినవారు, ఒకరైనా ఆ లేఖ వ్రాయటంలో పాలుపంచుకొననివారు ఉండవలెనని మేము పట్టుబట్టటానికి కారణం ఇదే.

పరిమాణం కూడ గమనింపదగినదే. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన లేఖను నడుమ కత్తిరించి, మిగిలినది చూచుటకు వేరే లంకె ఇస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం నాలుగు సంకేతాలు, అనగా పండ్రెండు బైట్లు. కావున తెలుగు లేఖ ఆ హద్దును త్వరగా చేరుతుంది. కత్తిరింపులో సాధారణంగా మరుగుపడేది చివరనుండే చందా విరమణ లంకె. దీనికి భయపడి లేఖనంతా బొమ్మగా మార్చి పంపేవారు కలరు. బొమ్మలు కనబడకుండా అమర్చుకొన్న చదువరికి అప్పుడు తెల్లకాగితమే మిగులుతుంది. మేము బొమ్మలు ఆపి కూడ ఒకసారి చదివి చూచాము.

పంపేవాని గుర్తింపును ధ్రువపరచే సాంకేతిక ఏర్పాట్లు సంస్థ కంప్యూటరు నిపుణుని పని. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, యాహూ సంస్థలు వీటి విషయంలో నిబంధనలు బిగించినవి. పరీక్షా లేఖ 'స్పామ్' అరలో పడినదేమో చూచుట మాత్రం మన పనే.

మా నమూనా లేఖలో మరొక లోపం అన్నిటికన్న ఆలస్యంగా బయటపడింది. లంకెలన్నీ వేలితో నొక్కి చూచాము, ధరలు పైకి చదివి సరిపోల్చాము, ఒక రాత్రి ఆగి మరల చదివాము. తిరుగుజవాబు వ్రాసి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ కలుగలేదు. మూడవనాడు మాలో ఒకరు ఉర్దూలో రెండు పంక్తుల జవాబు పంపగా, అది ఎవరూ తెరవని చిరునామాకు చేరినది.