ఉగ్రస్తంభం దారిలో పిల్లలతో

ఉగాదికి కాస్త ముందూ వెనకా నల్లమలలో మోదుగలు విరగబూసి ఉంటాయి. ఆ రోజుల్లో పిల్లల్ని తీసుకుని అహోబిలం వెళ్లేవారు ఎగువ అహోబిలంలో దర్శనం చేసుకుని, భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుడి వైపు నడుస్తారు. "ఉగ్రస్తంభం కూడా ఎక్కుదాం నాన్నా" అని పిల్లలు పట్టుబట్టేది ఆ దారిలోనే. కాదనకండి, అలాగని వెంటనే ఒప్పేసుకోకండి. జ్వాల నుంచి ఆ శిఖరానికి వెళ్లే పై దారి దూరం తక్కువే గానీ నిటారుగా ఉంటుంది. నిండా చెట్లవేళ్లు, కాలు పెడితే కదిలే రాళ్లు. పదేళ్లు దాటి, అప్పటిదాకా ఎత్తుకోమనకుండా నడిచిన పిల్లలైతేనే ఆలోచించాలని నా అభిప్రాయం. చిన్నవాళ్లకు జ్వాల దాకా వెళ్లడమే పెద్ద నడక.

పెందలాడే బయలుదేరండి, కానీ చీకటితో మాత్రం వద్దు. ఇప్పపూలు రాలే కాలమిది, ఎలుగుబంట్లకు అవంటే ప్రాణం. బాగా వెలుగు వచ్చాక, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకుని కదలండి. అడవి కదా, నీడ ఉంటుందిలే అనుకోవద్దు. నల్లమల ఆకురాల్చే అడవి. ఎండలు మొదలయ్యేసరికి చాలా చెట్లు బోసిగా నిలబడి ఉంటాయి, పొద్దెక్కితే రాళ్లు కాలుతాయి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో నీళ్లు తాగించండి. తినుబండారాలు చేతిసంచిలో కనిపిస్తే కోతులు వదలవు, వీపు సంచిలోనే ఉంచండి.

రాలిన ఆ ఆకులన్నీ దారి మీదే ఉంటాయి. వాటి కింద ఏముందో కంటికి కనపడదు. ఎగువ అహోబిలంలో చేతికర్రలు దొరుకుతాయి, పిల్లలకూ ఒక్కొక్కటి ఇవ్వండి. అడుగు వేసేముందు ఆకుల మీద కర్రతో తట్టడం నేర్పండి. కింద మట్టి ఉంటే చప్పుడు మెత్తగా వస్తుంది, కర్ర కుదురుగా నిలుస్తుంది. వదులు రాయి ఉంటే టక్కుమంటుంది, కర్ర పక్కకు జారుతుంది. నాలుగైదుసార్లు తట్టేసరికి పిల్లలకు ఆ తేడా పట్టుబడుతుంది. ఆపైన "జాగ్రత్త, జాగ్రత్త" అని మీరు అరవక్కర్లేదు.

ఎక్కేటప్పుడు పిల్లల్ని ముందు నడవనిచ్చి మీరు వెనక ఉండండి. దిగేటప్పుడు మీరే ముందుండాలి. దిగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. మోకాళ్లు వణికేదీ, పిల్లలు పరుగందుకుని జారేదీ అప్పుడే. సగం దారిలోనే పిల్ల అలసిపోయిందంటే, దిగడానికి కావలసిన ఓపిక కూడా ఖర్చయిపోతోందని లెక్క.

అప్పుడు మనలో చాలామంది రెండు మాటలు అంటాం. "ఇంత దూరం వచ్చి ఎక్కకపోతే ఎలా?" "ఆ పిల్లాడు చూడు, ఎంత చకచకా ఎక్కుతున్నాడో!" దయచేసి ఆ రెండూ అనకండి. అవి విన్న పిల్లలు కాలు నొప్పిని దాచుకుంటారు, కళ్లు తిరుగుతున్నా చెప్పరు. కొండ మీద అంతకు మించిన ప్రమాదం లేదు. బయలుదేరేముందే చెప్పండి: "వెనక్కి వెళ్దామని నువ్వు ఎక్కడ అంటే అక్కడే తిరుగుదాం." ఆ మాట మీద నిలబడండి కూడా.

నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఈ ఉగ్రస్తంభమేనంటారు, కాబట్టి ప్రహ్లాదుడి కథ ఈ దారికి మంచి తోడు. ఆగిన చోటల్లా కొంత కొంత చెప్పండి. స్తంభం చీలే ఘట్టం పైకి చేరాక, పిల్లల చెయ్యి వదలకుండా కూర్చుని చెప్పవచ్చు. మధ్యలోనే తిరగాల్సి వస్తే ఆ ఘట్టం అక్కడే చెప్పేయండి. పైదాకా రాలేదని కథ ఎగ్గొట్టకండి.

కొండచరియలకు తేనెపట్లు ఉంటాయి. రాళ్లు విసరనివ్వద్దు, పొగ పెట్టవద్దు. ఎండుటాకుల అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు, అగ్గిపెట్టె జేబులోంచి తీయకండి.

వెళ్లేవాళ్లు ఫాల్గుణంలోనో, చైత్రం మొదట్లోనో వెళ్లిరండి. ఎండలు ముదిరాక పిల్లలతో వద్దు. వానల్లో రాళ్లు జారుతాయి, అప్పుడూ వద్దు. ఈసారి కుదరకపోతే కార్తీకం దాకా ఆగండి.