మినారును నమోదు చేయడం ఎలా? కొలిచింది, చదివింది, విన్నది

మన చిలమకూరు నుంచి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దాటి వెళ్తే గండికోట వస్తుంది. పెన్నా లోయ అంచున ఉన్న ఆ కోటలోని జామియా మసీదు మినార్లను, పావురాల గోపురాన్ని మనలో చాలామంది చూశాం. ఫోటోలు కూడా దిగాం. కానీ ఆ మినారు ఎత్తెంత, దాని గురించి చెప్పుకునే మాటల్లో దేనికి ఆధారం ఉంది అని పిల్లలు అడిగితే జవాబు చెప్పగలిగేవారు తక్కువ. పాత మసీదులు, దర్గాల బాగుకు చందాలిచ్చే పెద్దలకు ఈ సంగతి తెలిసి ఉండాలని ఈ పాఠం రాస్తున్నాను.

ఒక్క మాట, ఇరవై ఏళ్ల తేడా

సరైన నమోదు ఎందుకు అవసరమో చెప్పడానికి ప్రపంచంలో జామ్ మినారును మించిన ఉదాహరణ లేదు. ఇది అఫ్ఘానిస్తాన్‌లోని ఘోర్ ప్రాంతంలో, కొండల నడుమ, హరీరూద్ నది ఒడ్డున ఉంది. కాల్చిన ఇటుకతో కట్టిన ఈ మినారు ఎత్తు సుమారు 65 మీటర్లు. కట్టించినవాడు ఘోరీ సుల్తాను గియాసుద్దీన్. దాని ఒంటి మీద ఖుర్ఆన్‌లోని 19వ సూరా, సూరె మర్యమ్, మొత్తం ఇటుకల్లోనే చెక్కి ఉంది. అంత మారుమూల కావడంతో 1957లో ఫ్రెంచి పండితుడు ఆంద్రే మరిక్ అక్కడికి వెళ్లి వచ్చేదాకా బయటి లోకానికి దీని సంగతి సరిగా తెలియదు. ఆయన, గాస్టన్ వియెట్ కలిసి 1959లో వివరాలు ప్రచురించారు.

శాసనంలోని సంవత్సరాన్ని మొదట హిజ్రీ 590 అని చదివారు. అంటే క్రీ.శ. 1193-94. అప్పుడు ఇది 1192 నాటి ఢిల్లీ విజయానికి గుర్తు అని చెప్పుకున్నారు. తర్వాత జానీన్ సూర్దెల్-తొమీన్ అనే పండితురాలు అది 570 అని చదివారు. అంటే 1174-75. అలాగైతే ఢిల్లీకి సంబంధమే లేదు. అంతకు కొద్దిముందు, 1173లో, ఘజ్నీని గెలవడంతో ముడిపెట్టాలి.

పండితుల మధ్య ఇంత తేడా ఎలా వచ్చింది? అరబ్బీ చదివిన పెద్దలు వెంటనే పట్టుకుంటారు. డెబ్బైని ‘సబ్ఈన్’ అంటాం, తొంభైని ‘తిస్ఈన్’ అంటాం. సీన్‌కు మూడు పళ్లు, బేకు ఒకటి, తేకు ఒకటి. సబ్ఈన్‌లో మూడు పళ్ల తర్వాత ఒకటి, తిస్ఈన్‌లో ఒకదాని తర్వాత మూడు. చుక్కలు పెట్టని పాత కూఫీ రాతలో రెండింటికీ వరసగా నాలుగు పళ్లే కనిపిస్తాయి. మిగతా అక్షరాలు ఒకటే. ఫోటోలు, అక్షరాల నకళ్లు ఉన్నాయి గనుకనే మళ్లీ చూసి వాదించగలిగారు. ‘590’ అనే అంకె ఒక్కటే రాసిపెట్టుకుని ఉంటే వాదనకు చోటే ఉండేది కాదు.

మూడు గళ్ల నోటుబుక్కు

మా పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది. పేజీని మూడు గళ్లు చేయండి: కొలిచింది, చదివింది, విన్నది. ఒక గడిలోది మరో గడిలోకి పోకూడదు.

1. కొలిచింది: నిచ్చెన లేకుండానే ఎత్తు తెలుసుకోవచ్చు. మీటరు కర్రను నేల మీద నిటారుగా నిలిపి దాని నీడ కొలవండి. అదే సమయంలో మినారు నీడను పాదం నుంచి కొన వరకు కొలిచి, దానికి పాదం వెడల్పులో సగం కలపండి. మినారు కొన పాదం నడిమధ్యకు నేరుగా పైన ఉంటుంది గనుక ఈ సగం కలపాలి. ఉదాహరణకు కర్ర నీడ 80 సెంటీమీటర్లు, మినారు నీడ 9.2 మీటర్లు, పాదం వెడల్పు 1.6 మీటర్లు అనుకోండి. 9.2కు 0.8 కలిపితే 10. పదిని 0.8తో భాగిస్తే 12.5 మీటర్లు. నేల సమంగా ఉన్నచోటే చేయాలి. మూడుసార్లు కొలిచి మూడు అంకెలూ రాయాలి.

2. చదివింది: శాసనాన్ని ఎదురుగా నిలబడి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఉదయం గాని సాయంత్రం గాని ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా తేలుతాయి. సుద్ద పూయడం, నూనె రాయడం, యాసిడ్‌తో కడగడం పనికిరావు. విరిగిన అక్షరం చోట ఖాళీ వదలండి, ఊహతో నింపవద్దు. హిజ్రీ సంవత్సరాన్ని శాసనంలో ఉన్నట్టే రాసి, పక్కన క్రీ.శ. సంవత్సరం వేయండి. ఒక హిజ్రీ సంవత్సరం సాధారణంగా రెండు క్రీ.శ. సంవత్సరాల్లోకి పడుతుంది గనుక 1174-75 అని జంటగా రాయడం మంచిది. అరబ్బీ, పారశీక శాసనాలు చదవడానికి కేంద్ర పురావస్తు శాఖకు నాగపూర్‌లో ప్రత్యేక విభాగం ఉంది. ఫోటోలు అక్కడికి పంపవచ్చు.

3. విన్నది: పెద్దలు చెప్పిన కథను వదలకూడదు. ఎవరు, ఎప్పుడు చెప్పారో రాసి ఈ గడిలోనే ఉంచాలి. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు అలాంటివే. వాటికి విలువ ఉంది, కానీ అవి కొలతలు కావు.

గండికోటకు ఇదే పద్ధతి పెట్టి చూడండి. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా 1650లో కోటను గెలిచాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అక్కడికి వచ్చి ఆయన్ను కలిశాడు, ఆ సంగతి తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఇవి ‘చదివింది’ గడిలోవి. గోపురంలో పావురాలు ఏ కబురు మోశాయో చెప్పే కథలు ‘విన్నది’ గడిలోకి వెళ్తాయి.

దాతలకు మనవి

గండికోటకు ప్రభుత్వ రక్షణ ఉంది. మన ఊళ్లలోని చిన్న దర్గాలకు, పాత మసీదులకు మనమే దిక్కు. అక్కడ నష్టం ఎక్కువగా మంచి ఉద్దేశంతోనే జరుగుతోంది. మనది సిమెంటు ఊరు. బాగుచేయడమంటే సిమెంటు పూత, ఎనామెల్ రంగు, టైల్స్ అనుకుంటాం. పాత గచ్చు పోతుంది, శాసనపు రాయి పూత కిందికి పోతుంది, దాని చోట చందాదారుల పేర్లతో కొత్త గ్రానైట్ పలక వస్తుంది. మన పేరు పైకి రావడానికి మూడు వందల ఏళ్ల కిందటి దాత పేరు చెరిపేయడం న్యాయమేనా?

కాబట్టి పాత కట్టడం పనికి చందా ఇచ్చేముందు మూడు అడగండి. పని మొదలుకాకముందు నాలుగు వైపుల ఫోటోలు తీశారా? శాసనపు రాళ్ల నకళ్లు తీసుకున్నారా? ఆ నోటుబుక్కు ప్రతి ఒకటి మసీదు కమిటీ దగ్గర, మరొకటి బడిలో పెట్టారా? ఖర్చు ఒక నోటుబుక్కు, కొలత టేపు, ఒక ఆదివారం. ఊరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలను పిలిస్తే నీడ లెక్క వాళ్లే చేసి పెడతారు.