ముందు దూడ ఏదని అడుగు

అమ్మడూ,

పశువైద్యం చదవబోతున్నావు కనుక గేదె చేపడం గురించి త్వరలోనే పాఠం వింటావు. దూడ మూతి చన్నుకు తగలగానే మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయని చెబుతారు. నిజమే. అంతమాత్రాన అది ఉత్త హార్మోను పని, గేదెకు మమకారం లేదు అనుకోకు. బిడ్డకు పాలిచ్చే తల్లిలోనూ పనిచేసేది ఆ హార్మోనే. ఆమె ప్రేమను రసాయనమని కొట్టిపారేస్తామా? గేదె బెదిరినా, ఎవరైనా కర్ర ఎత్తినా అడ్రినలిన్ అడ్డుపడి చేపు ఆగిపోతుంది. దాని పాలలో చాలా భాగం పొదుగు పైన సన్నని అరల్లోనే ఉంటుంది. చేపకపోతే చెంబు నిండదు.

చచ్చిన దూడ తోలులో వరిగడ్డి కూరి, కుట్టి, గేదె ముందు నిలబెట్టడం మన ఊళ్లలో చూశాను. అది వాసన చూస్తుంది, నాకుతుంది, సన్నగా గొంతు చేసి పిలుస్తుంది, చేపుతుంది. వెర్రి గొడ్డని నవ్వేవాళ్లుంటారు. బిడ్డను వాసనతో గుర్తుపట్టే తల్లి ఆ వాసన ఉన్నంతకాలం వదులుకోలేకపోతోంది, అంతే. అందులో వెర్రి ఎక్కడుంది?

ఇప్పుడా తోలుబొమ్మ శ్రమ కూడా లేకుండా పూటపూటా ఆక్సిటోసిన్ సూది పొడిచి పిండేవాళ్లున్నారు. పాలు పెరగాలని పశువు ఆరోగ్యానికి చేటు చేసే సూది వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు పడవచ్చు.

అసలు దూడ ఎందుకు చచ్చిందో చూడు. మగదూడ అయితే పాలు దండగని కడుపు మాడుస్తారు. ఏలికపాములు చేరి, పారుడు పట్టి పోతుంది. లీటరు లెక్క మీద ఇల్లు నడిపే రైతును కసురుకోకు. కానీ ఆ లెక్కలో దూడ ప్రాణాన్ని కొట్టివేస్తే మాత్రం ఒప్పుకోకు. ఈనిన గంట రెండు గంటల్లోనే ముర్రుపాలు తాగించమను. పది రోజులు దాటగానే ఏలికపాముల మందు పట్టించమను. రోజూ దూడకు దాని వాటా వదలమను. దూడ లేని గేదెకైతే రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి పిండితే, ఓపిక పట్టిన ఇంట్లో చాలా గేదెలు అలవాటు పడతాయి.

రేపు నువ్వు డాక్టరువయ్యాక ఎవరైనా పాల సూది రాసిమ్మంటే రాయకు. ముందు దూడ ఏదని అడుగు.

మీ తాతయ్య