తంగేడు పువ్వు – బతుకమ్మ పండుగ

మన దాచేపల్లి నుంచి పొందుగల వంతెన మీదుగా కృష్ణ దాటితే నల్గొండ జిల్లా. అక్కడ ఏటా పువ్వులతో చేసే పండుగ బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది.

తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలు వరుసలుగా గోపురంలా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెడతారు. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ, చప్పట్లు కొడుతూ పాడి, చివరికి చెరువులో వదులుతారు.

ఒక సంగతి గమనించండి. బంతి, చామంతి తోటల్లో వేస్తారు. తంగేడు, గునుగు మాత్రం ఎవరూ నాటరు. తంగేడు బీళ్లలో పెరుగుతుంది. గునుగు చేలల్లో కలుపుగా మొలుస్తుంది. బీళ్లన్నీ దున్నేసి, చేలల్లో కలుపుమందు కొడితే ఆ పూలు ఎక్కణ్ణుంచి వస్తాయి? దూరాన తాహితి దీవిలో జనం తియారే అనే తెల్లపువ్వును ఇళ్ల దగ్గర పెంచుకుని చెవిలో పెట్టుకుంటారు. మన పువ్వును మనం కాపాడుకోవద్దా?

అందుకే శ్రమదానం రోజు ప్రహరీ పక్కన పొదలు కొట్టేటప్పుడు తంగేడును వదిలేద్దాం. వార్డెన్ సార్, మీరూ సరే అనండి!