తిన్నది ఒంటపట్టే దారి

చిరంజీవి చిట్టితల్లికి,

  

మొన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్నకు ఉత్తరంలో జవాబు రాస్తానన్నాను. "కడుపులో యాసిడ్ మాంసాన్ని కూడా అరిగిస్తుంది కదా అమ్మమ్మా, కడుపు కూడా మాంసమే కదా, మరి అదెందుకు అరిగిపోదు?" అన్నావు. ఎంజైముల పట్టిక చూడగానే బట్టీ పట్టే పిల్లలను ఎందరినో చూశాను. నువ్వు ఆ పట్టిక దగ్గర ఆగి ఆలోచించావు, చాలా సంతోషం. జవాబు దారిలో వస్తుంది. ముందుగా ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకో, తక్కినదంతా దాని వెంటే వస్తుంది.

మింగిన అన్నం ఇంకా మన ఒంట్లోకి పోలేదు. నోటి దగ్గర మొదలై మలద్వారం దాకా మన శరీరం గుండా ఒకే గొట్టం ఉంది. ఆ గొట్టంలో ఉన్నంతసేపూ తిండి మన లోపల ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, నిజానికి బయటే ఉంది. పసిపిల్లవాడు రూపాయి బిళ్ళ మింగితే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. డాక్టరు ఎక్స్‌రే తీసి, కడుపులోకి దిగిందని తేలితే, చాలాసార్లు దానంతట అదే వచ్చేస్తుందని ధైర్యం చెబుతారు. కొన్ని రోజులకు ఆ బిళ్ళ పోయినది పోయినట్టే బయటికి వస్తుంది. అది ఒంటికి పట్టలేదు, ఒంట్లోకి పోనూ లేదు. అన్నం ఒంట్లోకి పోవాలంటే ఆ గొట్టం గోడ దాటాలి. ఆ గోడ పిండిని పిండిగా, పప్పును పప్పుగా రానివ్వదు. అన్నంలోని పిండి అంటే గ్లూకోజ్ పూసలు వేలకు వేలు గుచ్చిన దండ. పప్పులోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాల దండలు. దండకు ప్రవేశం లేదు, పూసకే ప్రవేశం. జీర్ణం కావడమంటే ఈ దండలు తెగడమే. ఏ అవయవం దగ్గరికి వెళ్ళినా "ఇక్కడ ఏ దండ తెగుతోంది?" అని అడుగు, పాఠం దానంతట అదే విడిపోతుంది.

నోటితో మొదలుపెడదాం. పప్పు తాలింపు వాసనకే నోరూరుతుంది చూశావా, ముద్ద ఇంకా కంచంలో ఉండగానే పని మొదలైందన్నమాట. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద ఈ ఊరే రసాలనే ఏళ్ళ తరబడి పరిశీలించాడు. జీర్ణక్రియ మీద చేసిన కృషికే ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో ఎమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పిండి దండను ముక్కలు చేస్తుంది.

ఇది నా మాట మీద నమ్మవద్దు, నువ్వే చేసి చూడు. పలచని గంజి బాగా చల్లార్చి రెండు గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పొయ్యి. ఒకదానిలో చెంచాడు లాలాజలం కలుపు, రెండోదానిలో చెంచాడు నీళ్ళు కలుపు. రెండింటినీ గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో అరగంట ఉంచు. తరువాత ఒక్కోదానిలో రెండు చుక్కలు అయోడిన్ వెయ్యి. నీళ్ళు కలిపిన గంజి నల్లగా నీలం తిరుగుతుంది. లాలాజలం కలిపినదానిలో ఆ నీలం రాదు, వచ్చినా వెలవెలబోతుంది. అక్కడ పిండి చాలావరకు పిండిగా మిగలలేదు. ఈసారి కూర కలపని వట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా చాలాసేపు నములు. కాసేపటికి తియ్యబడుతుంది. నీ నాలుక కనిపెట్టినదీ, అయోడిన్ కనిపెట్టినదీ ఒకటే. మెత్తగా నమిలి తినమని పెద్దవాళ్ళు చెప్పేది ఊరికే కాదు. ముద్ద ఎంత చితికితే రసాలకు అంత చోటు దొరుకుతుంది, నోటి తరువాత ఎక్కడా పళ్ళు లేవు మరి.

మింగేటప్పుడు గొంతులో ఒక చిన్న మూత, దాన్ని ఉపజిహ్విక అంటారు, గాలిగొట్టం మీదికి వాలుతుంది. మాట్లాడుతూ, నవ్వుతూ తింటే ఒక్కోసారి అది అదను తప్పుతుంది. అప్పుడే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మన ఇళ్ళలో అనుకుంటాం, తలుచుకున్నా తలుచుకోకపోయినా వెంటనే మాట ఆపి దగ్గనివ్వాలి. ఆహారవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని కండరాలు ముద్ద వెనక బిగుస్తూ, ముందు వదులవుతూ దాన్ని కిందికి నెడతాయి. అందుకే శీర్షాసనంలో ఉన్నా మింగినది కడుపుకే చేరుతుంది.

ఇక నీ ప్రశ్న ఉన్న చోటికి వచ్చాం. కడుపులో ఏం జరుగుతుందో మనిషికి సూటిగా చూపించినది ఒక ప్రమాదం. 1822 జూన్‌లో అమెరికాలోని మాకినా అనే దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా యువకుడికి దగ్గర నుంచి తుపాకి పేలి తగిలింది. విలియం బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు వైద్యం చేశాడు. మనిషి బతికాడు గానీ పొట్టమీద నుంచి కడుపులోకి ఒక రంధ్రం పూడకుండా మిగిలిపోయింది. 1825 నుంచి బ్యూమాంట్ మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోకి దించి, గంట గంటకూ పైకి లాగి ఎంత కరిగిందో రాసుకున్నాడు. కడుపులోని రసాన్ని గాజు పాత్రలోకి తీసి, ఒంటి వేడిలోనే ఉంచి, అందులో మాంసం ముక్క వేస్తే అక్కడా కరిగింది. అంటే కడుపు చేసేది రుబ్బడం ఒక్కటే కాదు, అక్కడ రసాయన చర్య జరుగుతోందని తేలింది. ఆయన పుస్తకం 1833లో వచ్చింది. ఇక్కడ సెయింట్ మార్టిన్‌ను కూడా తలుచుకోవాలి. చదువురాని పేద కూలివాడు, ఆ ప్రయోగాలు ఆయనకు బాధగానే ఉండేవి. మన పాఠంలో ఒక పేజీ ఆయన ఒంటి మీద రాసినది.

కడుపు రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది తిండితో వచ్చిన సూక్ష్మజీవులను చాలావరకు చంపుతుంది, మాంసకృత్తుల మడతలు విప్పుతుంది. ఆ విప్పిన దండలను పెప్సిన్ అనే ఎంజైము తెంపుతుంది. మరి కడుపు గోడ సంగతి? మూడు కాపలాలున్నాయి. మొదటిది, గోడ కణాలు పెప్సిన్‌ను పెప్సిన్‌గా తయారుచెయ్యవు. పెప్సినోజెన్ అనే పనిచేయని రూపంలో వదులుతాయి, బయట ఆమ్లం తగిలాకే దానికి పదును వస్తుంది. రెండోది, గోడ పొడుగునా జిగురుగా శ్లేష్మం పొర ఉంటుంది, అందులోని బైకార్బొనేట్ లోపలికి చొరబడే ఆమ్లాన్ని విరుస్తుంది. మూడోది, ఇంత చేసినా గోడ పైకణాలు దెబ్బతింటూనే ఉంటాయి, కొద్ది రోజులకొకసారి వాటి స్థానంలో కొత్తవి వస్తూనే ఉంటాయి. కాబట్టి కడుపుకు ఆమ్లం అంటదని కాదు. అది రోజూ కాచుకుంటుంది, రోజూ బాగుచేసుకుంటుంది.

ఆ కాపలా సడలితే పుండు పడుతుంది. పుండ్లన్నీ ఆందోళన వల్ల, కారం వల్ల వస్తాయని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే వైద్యులు హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా ముఖ్య కారణమని చెప్పినప్పుడు, ఆమ్లంలో బాక్టీరియా ఎలా బతుకుతుందని ఎక్కువమంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నొప్పి మాత్రలు అదేపనిగా మింగినా ఈ కాపలా దెబ్బతింటుంది. నువ్వు డాక్టరు చెప్పకుండా ఎప్పుడూ మింగకు.

రెండు నుంచి నాలుగు గంటల తరువాత ముద్ద పలచటి జావగా మారి, కొద్దికొద్దిగా చిన్నప్రేగులోకి జారుతుంది. నెయ్యి, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. పెళ్ళి భోజనం చేసిన రోజు రాత్రికి ఆకలి వెయ్యకపోవడానికి అదొక కారణం. చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో అసలైన కోత జరుగుతుంది. క్లోమం నుంచి వచ్చే రసం ఆమ్లాన్ని విరిచేసి, పిండికీ మాంసకృత్తులకూ కొవ్వుకూ వేరువేరు ఎంజైములు అందిస్తుంది. నోట్లో సగంలో ఆగిన పిండి పని ఇక్కడ మళ్ళీ సాగుతుంది. నెయ్యి నీటిలో కలవదు కదా, కాలేయంలో తయారయ్యే పైత్యరసం దాన్ని సన్నటి బిందువులుగా విడగొడితే కొవ్వును తెంపే లైపేజ్ అనే ఎంజైము పని చెయ్యగలుగుతుంది. గోంగూరలోని పీచును తెంపే ఎంజైము మాత్రం మన దగ్గర లేదు. అది ముందుకు సాగిపోతుంది.

ఇప్పుడు ఆ గోడ దగ్గరికి వచ్చాం. చిన్నప్రేగు లోపలి గోడ నున్నగా ఉండదు. ముడతలు, ముడతల మీద మిల్లీమీటరు కూడా ఉండని చూషకాలు, ఒక్కో చూషకం మీది కణాలకు ఇంకా సన్నని నూగు. ఇన్ని మడతలు ఎందుకంటే, పూసలు దాటే చోటు ఎంత విశాలంగా ఉంటే అంత మంచిది. ఒక్క చూషకాన్ని దగ్గరగా ఊహించుకో. పైన ఒకే వరస కణాలు, వాటి వెనకే సన్నని రక్తనాళాల అల్లిక, నడుమ ఒక శోషరస నాళం. గ్లూకోజూ అమైనో ఆమ్లాలూ ఆ కణం దాటి రక్తంలో దిగి, నేరుగా కాలేయానికి వెళతాయి. ఎంత వాడాలో, ఎంత దాచాలో చాలావరకు తేల్చేది కాలేయమే. నెయ్యి దారి వేరు, అది శోషరస నాళాల్లో పైకి ప్రయాణించి మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. ఒక్క కణం మందం దాటిన ఈ క్షణంలోనే అన్నం నీ ఒంటిదవుతుంది.

ఈ గోడ పాడైతే కంచం నిండా తిన్నా మనిషి చిక్కిపోతాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంట్లో అదే జరిగింది. స్ప్రూ అనే ఈ ప్రేగు జబ్బు ఆయన అన్నదమ్ములను బలి తీసుకుంది, ఆయన్నూ పీడించింది. తరువాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ చికిత్సకు పనికొచ్చింది. తన ఇంటి దుఃఖాన్ని లోకానికంతటికీ మందుగా మార్చిన మనిషి ఆయన. పేరు గుర్తుపెట్టుకో.

మిగిలిన పీచు, నీళ్ళు పెద్దప్రేగు చేరతాయి. అక్కడ కాపురముండే కోట్లకొద్దీ బాక్టీరియా పీచులో కొంత పులియబెట్టి, ప్రేగు కణాలకే ఆహారమయ్యే ఆమ్లాలను ఇస్తాయి. ఆకుకూర తినమని నిన్ను పోరేది వాటి కోసం కూడా. ఇక నీటి లెక్క చూడు. రోజుకు మనం తాగేదీ తినేదీ కలిపి సుమారు 2 లీటర్ల నీరు, మన రసాలు సుమారు 7 లీటర్లు, మొత్తం 9 లీటర్లు ప్రేగులోకి వస్తాయి. అందులో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. తక్కినదంతా ప్రేగులు వెనక్కి తీసుకుంటాయి. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డ పూట తిరిగేసరికి వాడిపోవడానికి కారణం ఈ లెక్క తప్పడమే.

ఇక్కడే ఈ చదువు ప్రాణం నిలిపిన కథ చెప్పాలి. చిన్నప్రేగు గోడలో గ్లూకోజూ ఉప్పులోని సోడియమూ జంటగా దాటే ద్వారం ఉందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఆ జంట లోపలికి వెళితే నీరు వెంట వెళుతుంది. కలరా వచ్చి ప్రేగు నీళ్ళు కక్కుతున్నా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంనాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి తాగించమని రోగుల బంధువులకే ఇచ్చాడు. నూటికి 20, 30 మంది చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగుకు లోపే నిలిచాయి. ఈనాడు మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం కూడా ఆ కిటుకుతో చేసినదే. అది అందకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. ఉప్పు అంతకు మించకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చిట్టితల్లీ, పంచదార ఎందుకు, ఉప్పు ఎందుకు, రెండూ కలిపే ఎందుకు అని ఇప్పుడు నీకు తెలుసు. ఈ పాఠం పరీక్షకు ఒకసారి పనికొస్తుంది, ఇరుగుపొరుగు బిడ్డలకు జీవితమంతా పనికొస్తుంది. అందుకే దీన్ని నిదానంగా చదువు, ఇంట్లో వాళ్ళందరికీ చెప్పు.

చివరిగా నీకొక ప్రశ్న. పైత్యరసం నిలవ ఉండే సంచి పిత్తాశయం. రాళ్ళు పడి దాన్ని ఆపరేషన్ చేసి తీసేసినవాళ్ళు కూడా నెయ్యి వేసుకుని అన్నం తినగలుగుతున్నారు. ఎలా? పుస్తకం చూసి కాదు, ఈ ఉత్తరంలో పైత్యరసం గురించి రాసినది మళ్ళీ చదివి ఆలోచించు. జవాబు నీ మాటల్లో రాసి పంపు, బొమ్మ గీస్తే ఇంకా మంచిది.

అమ్మకీ నాన్నకీ నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
ప్రేమతో
మీ అమ్మమ్మ