పిలాటీస్ వ్యాయామం - విద్యార్థి వెన్నెముక

వ్యాయామం అనగానే మనకు గుర్తొచ్చేవి దండీలు, బస్కీలు, బరువులు. కండ కనపడితేనే కసరత్తు చేసినట్టు లెక్క! కానీ మనిషిని నిటారుగా నిలబెట్టేవి పైకి కనపడని కండరాలు. పొట్ట లోపలి పొరల్లో ఉండి నడుమును నడికట్టులాగ పట్టి ఉంచేవి కొన్ని, వెన్నుపూసలను అంటిపెట్టుకొని ఉండేవి కొన్ని. వీటి మీద దృష్టి నిలిపిన పద్ధతే పిలాటీస్.

ఇది ఒక మనిషి పేరు. జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శత్రుదేశీయుడని బ్రిటిష్ ప్రభుత్వం వారు అతణ్ణి నిర్బంధ శిబిరంలో పెట్టారు. శిబిరంలో ఏముంటుంది? నేల, ఖాళీ సమయం. ఆ రెండింటితోనే తన పద్ధతికి సాన పట్టాడు. తర్వాత న్యూయార్కు చేరి, 1945లో వెలువడిన పుస్తకంలో 34 వ్యాయామాలు వివరించాడు. అన్నీ నేలమీద చేసేవే. నేడు నగరాల్లో స్ప్రింగుల యంత్రాలు, నెలనెలా ఫీజులు చూసి జంకనక్కరలేదు, మనకు చాప చాలు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళకు దీని అవసరమేమిటని అడగవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే తల్లులు రోజంతా వంగే ఉంటారు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీలు బస్తాలు మోస్తారు. వాళ్ళ నడుం నొప్పి కష్టం వల్ల వచ్చింది, మనది కూర్చోవడం వల్ల. బస్సులో గంట, క్లాసులో ఐదారు గంటలు, రాత్రి సెల్‌ఫోన్ మీద వంగిన మెడ. ఇరవై ఏళ్ళకే 'నడుం పట్టేసిందిరా' అనే మిత్రులు ఏ హాస్టల్లో లేరు?

'హండ్రెడ్' అనే వ్యాయామంతో మొదలుపెట్టండి. చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించాలి. తల, భుజాలు కొంచెం లేపి, చాపిన చేతులను నీళ్ళమీద తట్టినట్టు ఆడించాలి. ఐదు ఊపులకు ఊపిరి పీల్చడం, ఐదు ఊపులకు వదలడం. ఇట్లా పదిమార్లు చేస్తే నూరు. వదిలేటప్పుడు బొడ్డు వెన్నుకు అంటుకున్నట్టు లోపలికి పోవాలి, కీలకమంతా అక్కడే ఉంది. మెడ గుంజితే తల ఆనించే చేయవచ్చును. గబగబా నూరు కొట్టేయడం గొప్పేం కాదు, మొదట్లో యాభై చాలు.

లాభమెంత? 2015లో కొక్రేన్ సంస్థ 10 పరిశోధనలను, 510 మంది వివరాలను పరిశీలించింది. పెద్దగా ఏ చికిత్సా లేనివారి కంటె పిలాటీస్ చేసినవారికి నడుం నొప్పి తగ్గిందనీ, ఇతర వ్యాయామాల కంటె ఇదే మేలనడానికి గట్టి ఆధారం లేదనీ తేల్చింది. కనుక ఆసనాలు వేసేవారు మానుకొని ఇటు రానక్కరలేదు. ఒళ్ళు తగ్గాలనుకునేవారికి ఇదొక్కటే సరిపోదు. నడక కావాలి, తిండి మీద అదుపూ కావాలి.

ఉమ్మడి నల్లగొండ జిల్లావాళ్ళం గనుక ఇంకొక మాట. ఫ్లోరైడు నీళ్ళు తాగి వెన్ను బిగిసినవారు మన ఊళ్ళల్లో ఉన్నారు. ఆ బిగువు ఎముకలది, కండరాలది కాదు. వారిచేత బలవంతంగా వంగే కసరత్తులు చేయించవద్దు. నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరెక్కుతున్నవారు కూడా ముందు డాక్టరుకు చూపించుకొని, ఆ తర్వాతనే చాప పరచాలి.